సైక్లోన్ అనే మాట పుట్టడానికి మన కోరంగి ఉప్పెనే ఒక కారణం.. హెన్రీ పిడింగ్టన్ గురించి తెలుసా?

రోలుగుంట (అనకాపల్లి జిల్లా): బంగాళాఖాతంలో అల్పపీడనం.. 24 గంటల్లో వాయుగుండంగా మారే అవకాశం.. టీవీలో ఈ స్క్రోలింగ్ కనిపిస్తే చాలు, కోసిన వరి పనలు పొలంలో ఉన్న రైతుకు గుండె జారిపోతుంది. రోలుగుంట, రావికమతం, నర్సీపట్నం వైపు సముద్రం కనిపించదు. అయినా అక్టోబర్, నవంబర్ వచ్చాయంటే అందరి చూపూ బంగాళాఖాతం మీదే. కానీ అల్పపీడనానికి, వాయుగుండానికి, తుఫానుకు తేడా ఏంటి? అసలు సైక్లోన్ అనే పేరు ఎవరు పెట్టారు?

ఆ పేరు పెట్టింది హెన్రీ పిడింగ్టన్ అనే ఓ ఓడ కెప్టెన్. పుట్టింది ఇంగ్లండ్‌లో. బతికింది, పనిచేసింది, కన్నుమూసింది మాత్రం బెంగాల్‌లోనే. ఆయన ఎక్కువగా చదివిన తుఫాన్లలో మన గోదావరి తీరాన్ని ముంచేసినవి కూడా ఉన్నాయి.

ఓడ దిగి.. కలకత్తాలో స్థిరపడి

పిడింగ్టన్ 1797లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ ప్రాంతంలో పుట్టారు. చిన్న వయసులోనే సముద్రం పని పట్టారు. వ్యాపార నౌకలకు కెప్టెన్‌గా ఎదిగి, తర్వాత కలకత్తాలో స్థిరపడ్డారు. పెద్ద చదువులు చదివిన శాస్త్రవేత్త కాదాయన. కానీ ఏది కనిపించినా దాని సంగతేంటో తేల్చుకోవాలనుకునే మనిషి. మొక్కల పేర్లతో 1832లో ఒక సూచిక తయారు చేశారు. నేలలు, ఖనిజాలు పరీక్షించేవారు. కలకత్తాలోని ఆర్థిక భూగర్భ శాస్త్ర మ్యూజియానికి క్యూరేటర్‌గా, ఏషియాటిక్ సొసైటీలో ముఖ్యుడిగా పనిచేశారు. ఓడ ప్రమాదాలు జరిగితే విచారించే మెరైన్ కోర్టుకు అధ్యక్షుడిగానూ ఉన్నారు.

1838లో విలియం రీడ్ అనే బ్రిటిష్ సైనికాధికారి తుఫాన్ల మీద ఒక పుస్తకం తెచ్చారు. అంతకుముందే అమెరికాలో విలియం రెడ్‌ఫీల్డ్ అనే ఆయన, ఒకే తుఫానుకు ఒక ఊళ్లో చెట్లు ఒక వైపు, ఇంకో ఊళ్లో వాటికి ఎదురు వైపు పడి ఉండటం గమనించారు. అంటే గాలి తిన్నగా కాదు, గుండ్రంగా తిరుగుతోందన్నమాట. రీడ్ పుస్తకం చదివాక పిడింగ్టన్ జీవితమే మారిపోయింది. బంగాళాఖాతంలోనూ ఇంతేనా అని వెతకడం మొదలుపెట్టారు.

శాటిలైట్ లేదు.. టెలిగ్రాఫ్ కూడా లేదు

ఇప్పుడైతే శాటిలైట్ ఫొటో ఫోన్‌లోనే చూసేస్తున్నాం. ఆ రోజుల్లో నడిసముద్రంలో తుఫాను పుట్టినా ఒడ్డున ఉన్నవాళ్లకు కబురు చెప్పేవాళ్లే లేరు. మరి ఆయన ఏం చేశారు? రేవుకు చేరిన ప్రతి ఓడ లాగ్‌బుక్ తెప్పించుకున్నారు. ఏ గంటకు ఓడ ఎక్కడుంది, గాలి ఎటు నుంచి కొట్టింది, బారోమీటర్ ఎంతకు పడింది.. అన్నీ ఏరి, మ్యాప్ మీద ఒక్కో గుర్తు పెట్టుకుంటూ పోయారు. చాలా ఓడల గుర్తులు ఒకచోట చేర్చేసరికి గాలి గుండ్రంగా తిరుగుతున్న ఆకారం బయటపడింది. మధ్యలో కేంద్రం ఎక్కడుంది, ఏ దారిన కదిలింది అనేదీ తేలింది.

ఇలా 1839 నుంచి దాదాపు పన్నెండేళ్లకు పైగా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వరుసగా వ్యాసాలు రాశారు. తొలి వ్యాసాల్లో ఒకటి 1839 నవంబర్‌లో కోరంగిని ముంచేసిన తుఫాను మీదే.

కోరంగి అంటే ఇప్పుడు మనకు మడ అడవులే గుర్తొస్తాయి. కాకినాడకు దగ్గర్లో, గోదావరి ముఖద్వారం పక్కన ఉన్న ఈ ఊరు అప్పట్లో ఓడలు కట్టే పెద్ద రేవు. ఇక్కడి నుంచి బర్మాకు వలస వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ కోరంగీలనే పిలిచేవారు. అలాంటి రేవును 1789 డిసెంబర్‌లో మూడు పెద్ద అలలు ముంచేశాయి. మొదటి అల ఓడల్ని గట్టెక్కించింది, రెండోది నేలంతా ముంచింది, మూడోది మిగిలినదంతా ఊడ్చుకుపోయింది. సుమారు 20 వేల మంది చనిపోయినట్లు చెబుతారు. యాభై ఏళ్లకు మళ్లీ 1839లో అదే దెబ్బ. ఆ తర్వాత కోరంగి రేవు పాత వైభవానికి రానేలేదు.

ఈ రెండు ఘటనల నుంచి పిడింగ్టన్ ఒక సంగతి గట్టిగా పట్టుకున్నారు. తుఫానులో ఎక్కువ ప్రాణాలు తీసేది గాలి కాదు, నీళ్లు. తుఫానుతో పాటు సముద్రం కూడా ఎత్తుగా లేచి ఒడ్డు మీదకు వస్తుంది. దాన్ని ఆయన తుఫాను అల అన్నారు. మన తీరంలో జాలర్లకు దానికి ఎప్పటినుంచో సొంత పేరుంది.. ఉప్పెన.

ఉప్పెన ఎందుకు వస్తుందో ఇప్పుడు లెక్క తెలుసు. గాలి పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సముద్ర మట్టం సుమారు ఒక సెంటీమీటర్ పెరుగుతుంది. అంటే 50 తగ్గినా పెరిగేది అర మీటరే. అసలు దెబ్బంతా గాలిది. గంటల తరబడి నీటిని ఒడ్డు వైపు తోసుకొస్తుంది. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువైతే ఆ నీళ్లు పోయే దారిలేక ఎత్తుగా లేస్తాయి. 1977 నవంబర్ 19న దివిసీమలో వేల ప్రాణాలు తీసింది ఇదే.

గాలి చుట్టూ తిరిగిన ఓడ

1845లో మారిషస్ దగ్గర చార్లెస్ హెడల్ అనే ఓడ తుఫానులో చిక్కుకుంది. గాలి ఎటు తోస్తే అటే పరుగెత్తింది. గాలి తిన్నగా వీచి ఉంటే అన్ని రోజుల్లో ఎక్కడికో వెళ్లిపోవాలి. కానీ తుఫాను కేంద్రం చుట్టూ గానుగెద్దులా తిరిగి తిరిగి, చివరికి బయల్దేరిన చోటికి అంత దూరం కానిచోటే తేలింది. ఆ ఓడ లాగ్‌బుక్ పిడింగ్టన్ చేతికి చిక్కింది. గాలి గుండ్రంగా తిరుగుతుందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

1848లో ఆయన నావికుల కోసం ఒక పుస్తకం వేశారు. సైక్లోన్ అనే పదం అందులోనే వచ్చింది. గ్రీకు భాషలో చక్రం అనీ, పాము చుట్ట అనీ అర్థం వచ్చే మాట నుంచి దాన్ని తీసుకున్నారు. గాలి అచ్చంగా వలయంలా తిరుగుతుందని చెప్పలేం, చుట్టలా లోపలికి తిరుగుతూ ఉండొచ్చు. ఆ రెంటికీ సరిపోయే మాట కావాలని ఆయన ఆలోచన.

ఆ పుస్తకంతో పాటు రెండు పారదర్శక కార్డులు ఇచ్చారు. అప్పుడు ప్లాస్టిక్ లేదు కాబట్టి వాటిని పశువుల కొమ్ము పలచగా గీసి చేశారు. వాటి మీద గాలి తిరిగే దిశల బాణాలు ఉంటాయి. ఒకటి భూమధ్యరేఖకు ఉత్తరాన, ఇంకొకటి దక్షిణాన వాడటానికి. కెప్టెన్ తన మ్యాప్ మీద ఆ కార్డు పెట్టి, తనకు తగులుతున్న గాలి దిశతో సరిపోల్చుకుంటే తుఫాను కేంద్రం ఎటుందో తెలిసిపోయేది. దాని నుంచి ఎటు తప్పుకోవాలో కూడా.

ఇదే సూత్రాన్ని కార్డు లేకుండా మనమూ వాడొచ్చు. తుఫాను గాలి ఎటు నుంచి వస్తుందో అటు ముఖం పెట్టి నిలబడండి. మన దగ్గర తుఫాను కేంద్రం దాదాపు మీ కుడిచేతి వైపు ఉంటుంది. రోలుగుంటలో ఉత్తరం గాలి కొడుతుంటే కేంద్రం తూర్పున, సముద్రం మీద ఉందన్నమాట. ఇది ఉజ్జాయింపు మాత్రమే. కొండలు అడ్డుంటే గాలి దిశ మారుతుంది. అధికారిక హెచ్చరికకు ఇది ప్రత్యామ్నాయం కాదు.

కేంద్రం నేరుగా మీద నుంచి వెళితే ఇంకో ప్రమాదం. గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. తుఫాను పోయిందనుకుని జనం బయటికి వస్తారు. కాసేపటికే ఎదురు దిశ నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు విశాఖవాసులకు ఇది అనుభవమే.

పెద్ద దొర వినలేదు.. మాట నిజమైంది

కలకత్తా రేవుకు బదులుగా మాత్లా నది ఒడ్డున, సుందర్బన్స్ మడ అడవుల పక్కన కొత్త రేవు కట్టాలని బ్రిటిష్ ప్రభుత్వం ఆలోచించింది. అది తెలిసి పిడింగ్టన్ 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగ లేఖ రాశారు. అక్కడ ఊరు కడితే ఏదో ఒక రోజు తుఫాను అల వచ్చి మొత్తం ముంచేస్తుందని హెచ్చరించారు. ప్రభుత్వం పట్టించుకోలేదు. పోర్ట్ కానింగ్ పేరుతో రేవు కట్టారు.

పిడింగ్టన్ 1858లో కన్నుమూశారు. 1867 నవంబర్ 1న తుఫాను వచ్చింది. సముద్రం పోర్ట్ కానింగ్ మీదకు ఎక్కింది. ఆ రేవు ఇక లేవలేదు.

ఆయన పోయాక ఆరేళ్లకే, 1864లో అక్టోబర్‌లో కలకత్తాను, నవంబర్‌లో మన మచిలీపట్నాన్ని తుఫాన్లు తుడిచిపెట్టాయి. బందరులోనే సుమారు 30 వేల మంది చనిపోయారు. అప్పుడుగానీ ప్రభుత్వం కదల్లేదు. 1865లో కలకత్తా రేవులో తుఫాను హెచ్చరికలు మొదలయ్యాయి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది.

మన ఉత్తరాంధ్ర కూడా వెనకబడి లేదు. విశాఖ డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు 1840లోనే సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ పెట్టారు. ఆ తర్వాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. నక్షత్రాలు చూడటంతో పాటు వాతావరణ లెక్కలూ అక్కడ రాసేవారు.

ఇప్పుడు టీవీలో వినే మాటలకు అర్థం ఇదీ..

పిడింగ్టన్ ఒక్క పేరు పెడితే, ఇప్పుడు గాలి వేగాన్ని బట్టి ఒక్కో దశకు ఒక్కో పేరుంది. గంటకు..

- అల్పపీడనం: గాలి 31 కి.మీ. లోపు
- వాయుగుండం: 31 నుంచి 49 కి.మీ.
- తీవ్ర వాయుగుండం: 50 నుంచి 61 కి.మీ.
- తుఫాను: 62 నుంచి 88 కి.మీ. పేరు పెట్టేది ఈ దశలోనే
- తీవ్ర తుఫాను: 89 నుంచి 117 కి.మీ.
- అతి తీవ్ర తుఫాను, ఆపైన: 118 కి.మీ. నుంచి. 222 దాటితే సూపర్ సైక్లోన్

ఉపరితల ఆవర్తనం అంటే నేల మీద కాకుండా పైన ఆకాశంలో గాలి గుండ్రంగా తిరగడం. ద్రోణి అంటే పీడనం తక్కువగా ఉన్న పొడవాటి పట్టీ. రెండూ వానలు తెస్తాయి, కానీ రెండూ తుఫాన్లు కావు. ప్రతి అల్పపీడనమూ తుఫాను కాదు. అలాగని చిన్నచూపూ వద్దు. గాలి తక్కువున్న వాయుగుండం కూడా కుండపోత వాన కురిపించగలదు.

రోలుగుంట లాంటి లోపలి మండలాలకు ఉప్పెన భయం లేదు. గాలి, వాన, కొండల నుంచి దిగే గెడ్డలే ఇక్కడి ప్రమాదం. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ వర్షం, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం. 20 సెంటీమీటర్ల వాన పడిందంటే ఎకరం మీద సుమారు 8 లక్షల లీటర్ల నీళ్లు పడ్డట్టు. కొండ మీద పడిన నీళ్లూ ఆ గెడ్డల్లోకే వస్తాయి. అందుకే పొంగే గెడ్డ దాటొద్దని అధికారులు పదే పదే చెప్పేది.

ఎల్లో అలర్ట్ వస్తే గమనిస్తూ ఉండాలి. ఆరెంజ్ వస్తే సిద్ధంగా ఉండాలి. రెడ్ వస్తే వెంటనే జాగ్రత్త చర్యలు తీసుకోవాలి. పిడింగ్టన్ కాలంలో హెచ్చరిక చెప్పేవాళ్లే అరుదు. చెప్పిన ఆయన మాటను వినలేదు. ఇప్పుడు హెచ్చరిక మన ఫోన్‌కే వస్తోంది. దాన్ని వినడమే మన పని.