ఆరు చుక్కల లూయీ బ్రెయిలీ



ఈ నెల మన గోడపత్రికలో మహనీయుల జీవితం రాసే వంతు నాకు వచ్చింది. నేను లూయీ బ్రెయిలీ గురించి రాస్తున్నాను. ఎందుకంటే ఆయన కూడా మనలాగా హాస్టల్ పిల్లవాడే. పదేళ్ళ వయసులో ఇల్లు విడిచి హాస్టల్‌కు వచ్చాడు. చనిపోయేదాకా దాదాపు అక్కడే ఉన్నాడు.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. సణుగుడులో మా రూముకే ఫస్టు ప్రైజు ఇవ్వాలి. పొద్దున లేవగానే బోరింగు దగ్గర లైను అని సణుగుతాం. చారు నీళ్ళలాగ ఉందని, గుడ్డు చిన్నదని, దోమలని, స్టడీ అవర్‌లో కరెంటు పోయిందని, పక్క మంచం అమ్మాయి గురక పెడుతుందని. రాత్రి లైటు తీసేశాక ఎవరు ఎక్కువ చెప్తే వాళ్ళే గెలిచినట్టు. నేను చాలాసార్లు గెలిచాను. ఎందుకు మానుకోవాలనుకున్నానో చివర్లో చెప్తాను. ముందు బ్రెయిలీ కథ వినండి.

లూయీ బ్రెయిలీ 1809 జనవరి 4న ఫ్రాన్సు దేశంలో కూప్‌వ్రే అనే పల్లెటూరిలో పుట్టాడు. అది పారిస్ నగరానికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. నలుగురు పిల్లల్లో ఆఖరివాడు. వాళ్ళ నాన్న తోలు పనివాడు. గుర్రాలకు కట్టే జీనులు, పట్టీలు కుట్టేవాడు. మూడేళ్ళప్పుడు లూయీ నాన్న కొట్టులో ఆడుకుంటూ ఒక పనిముట్టు తీసుకున్నాడు. తోలుకు బొక్కలు పొడిచే మొనదేలిన ఇనప పనిముట్టు. మన సంతలో చెప్పులు కుట్టే తాత దగ్గర కూడా ఉంటుంది, దాన్ని ఆరె అంటారు. నాన్నలాగా తనూ పొడవాలని చూశాడు. అది జారి కంట్లో గుచ్చుకుంది. ఆ రోజుల్లో పుండుకు సరైన మందులు లేవు. చీము పట్టి ఆ కన్ను పోయింది. అది రెండో కంటికి కూడా పాకింది. ఐదేళ్ళు వచ్చేసరికి రెండు కళ్ళూ పూర్తిగా కనిపించకుండా పోయాయి.

ఆ కాలంలో చూపు లేని పిల్లలు చాలామంది అడుక్కుని బతకాల్సి వచ్చేది. లూయీ అమ్మానాన్నలు అట్లా వదిలిపెట్టలేదు. ఊరి బడికి పంపారు. అక్కడ టీచరు చెప్పింది విని గుర్తుపెట్టుకుని బాగా చదివేవాడు. కానీ అందరూ పుస్తకం తెరిచినప్పుడు అతను ఊరికే కూర్చోవాలి. విన్నది మాత్రమే అతనిది, చదువుకోవడం అతనిది కాదు.

1819లో అతన్ని పారిస్‌లోని అంధ బాలల పాఠశాలలో చేర్పించారు. ఆ బడిని 1785లో వాలెంతిన్ అవీ అనే ఆయన స్థాపించాడు. పేరు గొప్పదే గానీ బిల్డింగు పాతది, గోడలు చెమ్మ, లోపల ఇరుకు, చీకటి. తిండి కూడా బాగుండేది కాదు. ఆ చెమ్మలో ఉండి పిల్లలకు తరచుగా జబ్బులు చేసేవి. మన హాస్టల్ దాని ముందు రాజభవనం అనుకోవచ్చు. మనకు కిటికీలోంచి గుట్టలు కనిపిస్తాయి, గాలి వస్తుంది.

ఆ బడిలో చదువుకోవడానికి కొన్ని పుస్తకాలు ఉండేవి. మామూలు అక్షరాలనే తడి కాగితం మీద గట్టిగా అచ్చొత్తి ఉబ్బెత్తుగా చేసేవాళ్ళు. ఒక్కో అక్షరం చుట్టూ వేలు తిప్పి అది ఏ అక్షరమో కనుక్కోవాలి. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయే ప్రమాదం. పుస్తకాలు కూడా చాలా పెద్దవి, బరువు. అన్నిటికన్నా పెద్ద లోటు ఏమిటంటే పిల్లలు వాటితో చదవగలరు గానీ సొంతంగా ఒక ఉత్తరం రాసుకోలేరు.

1821లో షార్ల్ బార్బియే అనే పెద్దమనిషి కనిపెట్టిన ఒక కొత్త పద్ధతి ఆ బడికి వచ్చింది. కాగితం మీద చుక్కలు పొడిచి రాయడం, వేలితో తడిమి చదవడం. బార్బియే ఇదివరకు సైన్యంలో పనిచేశాడు, ఆయనకు చూపు ఉంది. లూయీ ఆ చుక్కలు ముట్టుకోగానే ఇదే దారి అని తెలుసుకున్నాడు. గీతల కన్నా చుక్కలు వేలికి తొందరగా తెలుస్తాయి. కానీ అందులో లోపాలు ఉన్నాయి. ఒక్కో గుర్తుకు పన్నెండు చుక్కల దాకా ఉండేవి, ఒక్క వేలి కింద పట్టవు. అది మాట శబ్దాన్నే చెప్తుంది, స్పెల్లింగు చెప్పదు. కామా, ఫుల్‌స్టాపు లేవు. అంకెలు లేవు.

నేస్తాలారా, ఇక్కడ కొంచెం ఆగండి. మనమైతే ఏం చేసేవాళ్ళం? ఈ పద్ధతి దండగ అని రూములో నెల రోజులు చెప్పుకునేవాళ్ళం. లూయీ లోపాలు చూడలేదని కాదు, చూశాడు.   అప్పుడు లూయీ తనే దాన్ని బాగుచేయడానికి కూర్చున్నాడు. పగలంతా క్లాసులు. కాబట్టి రాత్రి అందరూ పడుకున్నాక, సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు కాగితాలు పొడిచి పొడిచి చూసేవాడు. అతనికి లైటుతో పని లేదు కదా. కరెంటు పోయిందని నేను పుస్తకం మూసేసినప్పుడల్లా ఇప్పుడు ఈ సంగతి గుర్తుకొస్తుంది.

1824 నాటికి, అంటే పదిహేనేళ్ళ వయసులో, అతని లిపి ఒక రూపానికి వచ్చింది. నాకన్నా ఒక్క సంవత్సరమే పెద్ద. పన్నెండు చుక్కలను ఆరు చేశాడు. నిలువుగా రెండు వరసలు, వరసకు మూడు. మొత్తం ఒక వేలి కొన కింద పడుతుంది. ఆ ఆరింటిలో ఏవి పొడవాలి, ఏవి వదలాలి అని మార్చుకుంటూ పోతే 63 గుర్తులు వస్తాయి. నేను లెక్క చేసి చూశాను. రెండుని ఆరుసార్లు గుణిస్తే 64, అసలు ఏ చుక్కా లేనిది ఒకటి తీసేస్తే 63. అక్షరాలు, అంకెలు, సంగీతం అన్నీ అందులోనే. నాన్న ఆరెతో కళ్ళు పోయాయి. ఈ చుక్కలు పొడిచే పుల్ల కూడా దాదాపు ఆరెలాగే మొనదేలి ఉంటుంది. ఆ సంగతి చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

1829లో ఈ పద్ధతి మీద పుస్తకం తెచ్చాడు. దాని మొదట్లో ఏం రాశాడో తెలుసా? తన పద్ధతికి మొదటి ఆలోచన ఇచ్చింది బార్బియే గారేనని ఆయనకు కృతజ్ఞత తెలిపాడు.  ఆయన దగ్గర దొరికిన దాని గురించి మరిచిపోకుండా రాశాడు. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

తర్వాత అదే బడిలో టీచరు అయ్యాడు. చర్చిలో ఆర్గన్ వాద్యం వాయించేవాడు. పేద విద్యార్థులకు అప్పులిచ్చి తిరిగి అడిగేవాడు కాదు. కానీ ఇరవై ఆరేళ్ళ వయసు నుంచే క్షయ జబ్బు పట్టుకుంది. 1840లో కొత్త డైరెక్టరు వచ్చి బడిలో చుక్కల లిపి వద్దన్నాడు. పిల్లలు దొంగచాటుగా రాసుకుంటూనే ఉన్నారు. ఆ బిల్డింగు సంగతి కూడా మారింది. 1838లో లామార్తీన్ అనే కవి, ఆయన చట్టసభ సభ్యుడు కూడా, ఆ చెమ్మ గోడల గురించి సభలో మాట్లాడాడు. చెప్పాల్సిన చోట చెప్పాడు కాబట్టి డబ్బు మంజూరు అయింది. 1843లో బడి కొత్త బిల్డింగులోకి మారింది. 1844లో ప్రారంభోత్సవం రోజు అందరి ముందు పిల్లలు చుక్కల లిపిలో రాసి చదివి చూపించారు. దాంతో డైరెక్టరు మనసు కూడా మారింది.

బ్రెయిలీ 1852 జనవరి 6న చనిపోయాడు. 43 ఏళ్ళు నిండి రెండు రోజులే అయింది. అప్పటికి దేశంలో చాలామందికి ఆయనెవరో తెలియదు. రెండేళ్ళ తర్వాత, 1854లో ఫ్రాన్సులో ఆయన లిపిని అధికారికంగా ఒప్పుకున్నారు. వంద సంవత్సరాలకు, 1952లో, ఆయన శరీరాన్ని పారిస్‌లో మహనీయులను ఉంచే పాంథియాన్ అనే చోటికి తీసుకెళ్ళారు. కానీ ఆయన చేతులను మాత్రం కూప్‌వ్రే ఊరిలోనే ఉంచుకున్నారు. మన దేశ భాషలకు కలిపి 1951లో భారతి బ్రెయిలీ వచ్చింది. అందులో తెలుగు కూడా ఉంది. ఆయన పుట్టి 200 ఏళ్ళు అయినప్పుడు, 2009లో మన ప్రభుత్వం ఆయన బొమ్మతో రెండు రూపాయల బిళ్ళ తెచ్చింది. 2019 నుంచి జనవరి 4ను ప్రపంచ బ్రెయిలీ దినంగా జరుపుకుంటున్నారు.

ఇప్పుడు నా సంగతి. రెండు వారాల కింద ఆదివారం మా నాన్న నన్ను చూడడానికి వచ్చాడు. మా ఊరి నుంచి రోడ్డుకు నడిచి రావాలి, తర్వాత బస్సు. ఉడకబెట్టిన చిలగడదుంపలు గుడ్డలో మూటగట్టి తెచ్చాడు. తిరుగు బస్సుకు అరగంటే టైము ఉంది. నేను ఆ అరగంటా చారు గురించి, దోమల గురించి, గురక గురించి చెప్పాను. నాన్న అన్నీ విన్నాడు, ఏమీ అనలేదు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర రిజిస్టరులో వేలిముద్ర వేశాడు. సిరా తలకు రుద్దుకున్నాడు. తర్వాత నా నోటుబుక్కు అట్ట చూసి ఇందులో నీ పేరు ఏది అని అడిగాడు. చూపించాను. ఆ వేలు నా పేరు మీద పెట్టి మొదటి అక్షరం నుంచి చివరిదాకా మెల్లగా జరిపాడు. ఎన్ని అక్షరాలని అడిగాడు. నాలుగు అని చెప్పాను. నవ్వి వెళ్ళిపోయాడు.

బస్సు వెళ్ళాక గుర్తొచ్చింది, అవ్వకు జ్వరం తగ్గిందా అని నేను అడగనే లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ మరుసటి రోజే లైబ్రరీ పీరియడ్‌లో బ్రెయిలీ పుస్తకం దొరికింది. వేలితో తడిమి చదివే పిల్లల బొమ్మ చూడగానే మా నాన్న వేలు గుర్తొచ్చి ఏడుపు వచ్చింది. మా నాన్నకు కళ్ళున్నాయి, అక్షరాలు ఎదురుగా ఉన్నాయి, అయినా చదవలేడు. చిన్నప్పుడు ఆయన్ని పంపడానికి మా ఊర్లో బడి లేదు.

ఎండాకాలం మా అమ్మ తునికాకు కోసి కల్లంలో ఇస్తుంది. యాభై ఆకులకు ఒక కట్ట. కార్డులో ఎన్ని కట్టలు రాశారో అమ్మకు తెలియదు. పోయిన వేసవిలో నేను చదివి చూస్తే ఒక రోజు కట్టలు రాయలేదని తెలిసింది. అమ్మ మర్నాడు వెళ్ళి అడిగి రాయించుకుంది. ఆ చదువు ఇచ్చింది ఈ హాస్టలే కదా, ఈ నీళ్ళ చారు తిన్న రోజుల్లోనే కదా నేర్చుకున్నాను.

అట్లాగని అన్నీ నోరు మూసుకుని భరించమని నేను చెప్పట్లేదు. బోరింగు వాషరు నిజంగానే అరిగిపోయింది. దాన్ని రాత్రి రూములో వంద సార్లు చెప్పుకుంటే నీళ్ళు రావు. నిన్న మేము ముగ్గురం వెళ్ళి వార్డెన్ మేడంకు ఒక్కసారి చెప్పాం. మేడం రాసుకున్నారు. మేడం, మీరు ఇది చదువుతున్నారు కాబట్టి ఇంకోసారి గుర్తు చేసినట్టు కూడా అయింది. ఏమీ అనుకోవద్దు.

మా రూములో ఇప్పుడు ఆట మార్చాం. లైటు తీశాక ఒక్కొక్కరు ఆ రోజు దొరికిన మంచి ఒకటి చెప్పాలి. మొదటి రోజు ఎవరికీ ఏమీ తోచలేదు, నవ్వుకున్నాం. ఇప్పుడు చెప్పుకుంటుంటే నిద్ర వచ్చేస్తుంది. గురక అమ్మాయి మాత్రం తన వంతు రాకముందే పడుకుంటుంది.

చివరగా, ఈ షీటు కింద కుడి మూలకు చూడండి. తుమ్మముల్లుతో వెనక నుంచి పొడిచాను. మొదటిది ఆరు చుక్కల గడి. దాని పక్కన ఒకే ఒక్క చుక్క, ఎడమవైపు పైన. అది బ్రెయిలీలో మన అ. వెనక నుంచి పొడిచేటప్పుడు కుడివైపు పొడిస్తేనే ముందు ఎడమవైపు వస్తుంది. అది తెలియక ఒక కాగితం పాడుచేశాను. కళ్ళు మూసుకుని ఒకసారి వేలితో తాకండి. గట్టిగా నొక్కొద్దు, అందరూ చూడాలి. వచ్చే ఆదివారం మా నాన్న వచ్చినప్పుడు మేడం పర్మిషన్ తీసుకుని ఇక్కడికి తీసుకొస్తాను. ఆయన వేలు కూడా దీని మీద పెట్టిస్తాను. తర్వాత పలక మీద అసలు అ రాసి చూపిస్తాను. ముందుగా అవ్వ సంగతి అడుగుతాను.

ఇట్లు,
మీ నేస్తం,
తొమ్మిదవ తరగతి