గౌతమిపై వారధి.. బాలయోగి జ్ఞాపకం

అమలాపురం: కోనసీమకు జిల్లా హోదా రావడానికి 35 ఏళ్ల ముందే ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లా పరిషత్తు అధ్యక్ష పీఠం కోనసీమ బిడ్డకు దక్కింది. ఆయనే గంటి మోహనచంద్ర బాలయోగి.

ఎదుర్లంకలో 1951 అక్టోబరు 1న రైతు కుటుంబంలో ఆయన జన్మించారు. ఊరికి ఎదురుగా గౌతమీ పాయ, ఆవలి ఒడ్డున పుదుచ్చేరికి చెందిన యానాం, దానికి అవతల జిల్లా కేంద్రం కాకినాడ. వంతెన లేని ఆ రోజుల్లో రేవు దాటాలి, లేదంటే రావులపాలెం మీదుగా చుట్టు తిరగాలి.

న్యాయశాస్త్రం చదివి కాకినాడలో వకీలుగా స్థిరపడిన బాలయోగి, మెజిస్ట్రేటు ఉద్యోగాన్ని వదులుకొని రాజకీయాల్లోకి వచ్చారు. 1985లో తాలూకాలు రద్దయి మండలాలు ఏర్పడ్డాయి. ఆ కొత్త వ్యవస్థలో 1987లో జరిగిన ఎన్నికల్లో ఆయన జడ్పీ అధ్యక్షులయ్యారు. మండల కార్యాలయం పల్లెకు చేరువైంది గానీ కలెక్టరేటు కాకినాడలోనే ఉండిపోయింది. కొబ్బరి, ధాన్యం తరలించే వ్యాపారికైనా, అధికారి సంతకం కోసం వెళ్లే రైతుకైనా గౌతమి అడ్డే. సరిహద్దు గీతలు మారినంత మాత్రాన దారి పడదు కదా!

1991లో అమలాపురం ఎంపీగా, తర్వాత రాష్ట్ర మంత్రిగా పనిచేసి, 1998లో లోక్‌సభ సభాపతి అయ్యారు. ఆ పీఠమెక్కిన తొలి దళితుడు ఆయనే. ఎదుర్లంక-యానాం వంతెన కోసం పట్టుబట్టారు. కోటిపల్లి-నర్సాపురం రైలుమార్గానికి 2000-01 బడ్జెట్టులో మంజూరు లభించింది.

2002 మార్చి 3న కైకలూరు సమీపంలో హెలికాప్టరు కూలి ఆయన దుర్మరణం పాలయ్యారు. అదే ఏడాది ప్రారంభమైన వంతెనకు ఆయన పేరు పెట్టారు. కాకినాడ ఆస్పత్రులు, కళాశాలలు, కార్యాలయాలు కోనసీమకు దగ్గరయ్యాయి.

2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. అదే ఏడాది దానికి అంబేడ్కర్ పేరు చేర్చారు. లోక్‌సభ నియోజకవర్గం ప్రాతిపదిక కావడంతో గౌతమికి అవతలనున్న రామచంద్రపురం, మండపేట ప్రాంతాలనూ ఇందులో కలిపారు. దాంతో కథ తిరగబడింది. ఒకప్పుడు కలెక్టరేటు కోసం కోనసీమ వాసులు ఏరు దాటేవారు. ఇప్పుడు ఆ అవస్థ కాకినాడకు చేరువలో ఉన్న రామచంద్రపురం వారికి వచ్చింది. కొత్త జిల్లా ఏర్పడే నాటికి రైలుమార్గం పూర్తికాలేదు. కోటిపల్లి, ముక్తేశ్వరం రేవుల మధ్య రోడ్డు వంతెనా లేదు. పంటే దిక్కు.