రాకెట్ల కలాం గుండె మీద చేసిన పని

1979 ఆగస్టు 10. నెల్లూరు తీరంలోని శ్రీహరికోట. 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువున్న ఎస్‌ఎల్‌వీ-3 పైకి లేచింది. మొదటి దశ బాగానే మండింది. రెండో దశలో కంట్రోల్ తప్పింది. కాసేపటికే రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ఆరా తీస్తే తేలిందేంటంటే, ఒక వాల్వు సరిగా మూసుకోక నైట్రిక్ ఆమ్లం కారిపోయింది. కౌంట్‌డౌన్ చివర్లో కంప్యూటర్ ఆపినా, ముందుకెళ్దామని నిర్ణయించింది ప్రాజెక్ట్ డైరెక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం. ఆ రోజు విలేకరుల ముందు కూర్చుని బాధ్యత తన మీద వేసుకున్నది మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీష్ ధవన్. ఏడాది తిరక్కుండానే, 1980 జులై 18న అదే తీరం నుంచి రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లింది. ఈసారి విలేకరుల ముందుకు ధవన్ కలాంనే పంపారు.

ఇక్కడి నుంచి కథ అగ్ని క్షిపణికి, రాష్ట్రపతి భవన్‌కి వెళ్తుందని మనందరికీ తెలుసు. కానీ ఆయన చనిపోయి పదేళ్లు దాటినా పెద్దగా ఎవరూ చెప్పుకోని దారి ఇంకోటుంది. అది రాకెట్ నుంచి మనిషి ఒంట్లోకి వెళ్లింది.

రామేశ్వరంలో 1931లో పుట్టిన కలాం తిరుచ్చిలో ఫిజిక్స్, మద్రాస్ ఎంఐటీలో ఏరోనాటిక్స్ చదివారు. వైమానిక దళం ఇంటర్వ్యూకి డెహ్రాడూన్ వెళ్తే ఎనిమిది ఉద్యోగాలకి ఆయనది తొమ్మిదో స్థానం. 1958లో ఢిల్లీలో రక్షణ శాఖలో చేరారు. నెలకు 250 రూపాయల జీతం. తర్వాత తుంబాలో ఫైబర్ కాంపోజిట్ల విభాగాన్ని చూశారు. బరువు తగ్గాలి, బలం తగ్గకూడదు. రాకెట్‌లో రోజూ ఉండే గొడవ ఇదే.

1982లో ఆయన హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్‌కి డైరెక్టర్‌గా వచ్చారు. అగ్ని కోసం తయారుచేసిన తేలికపాటి పదార్థాన్ని ఒకసారి నిమ్స్ ఎముకల డాక్టర్ ఒకాయన చేత్తో ఎత్తి చూశారు. కలాంని వెంటనే తన ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు కాళ్లకు కట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. తన జీవితంలో గొప్ప ఆనందాలు లెక్కపెట్టినప్పుడల్లా రోహిణి, అగ్నిల పక్కనే ఈ కాలిపర్‌ని కూడా ఆయన చెప్పేవారు.

తర్వాతిది గుండె. బైపాస్ చేయాలంటే రొమ్ము ఎముకను నిలువునా కోస్తారు. ఆపరేషన్ అయ్యాక రెండు ముక్కల్నీ దగ్గరకు లాగి స్టీలు తీగలతో బిగిస్తారు. అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా దగ్గినా, తుమ్మినా, మంచం మీంచి లేచినా భారం ఆ తీగల మీదే. ఎముక మెత్తగా ఉన్నవాళ్లలో తీగ ఎముకనే కోసుకుపోతుంది. అందుకే ఇప్పుడు కొందరికి టైటానియం ప్లేట్లు, స్క్రూలు వేస్తున్నారు. మెకానికల్ వాళ్లకి ఇది తెలిసిన లెక్కే: లోడు ఎక్కడ పడుతోంది, దాన్ని ఎంత వైశాల్యం మీద పంచుతున్నాం?

స్టెంటు వేస్తే సరిపోయే రోగికి ఆ ఎముకను కోయాల్సిన పనే లేదు. కాకపోతే 1990ల్లో స్టెంటు అంటే విదేశీ సరుకు, మామూలు కుటుంబానికి అందని ధర. గుండె వైద్యుడు డాక్టర్ బి.సోమరాజుతో కలిసి కలాం చేయించిందే కలాం-రాజు స్టెంటు. చూడ్డానికి చిన్న జల్లెడ గొట్టం. మూడు మిల్లీమీటర్ల రక్తనాళంలో బెలూన్‌తో విప్పుతారు. విప్పాక స్ప్రింగులా వెనక్కి ముడుచుకోకూడదు, తుప్పు పట్టకూడదు. గుండె రోజుకి సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. పదేళ్లకి ముప్పై ఆరు కోట్లు దాటుతుంది. అన్నిసార్లు వంగినా విరగకూడదు. రాకెట్ నిమిషాల్లో పని ముగిస్తుంది. స్టెంటుకి ఆ సుఖం లేదు. నా లెక్కలో ఫెటీగ్ విషయంలో రాకెట్ కంటే ఇదే కష్టం.

ఈ స్టెంటు మార్కెట్‌ని ఏలిందని చెప్పలేం. తర్వాత మందు పూసిన స్టెంట్లు వచ్చి పాత రకాన్ని పక్కకు నెట్టాయి. కలాం పేరున్నంత మాత్రాన ధరలు దిగిరాలేదు. 2015 జులై 27న షిల్లాంగ్‌లో విద్యార్థులకి ఉపన్యాసం ఇస్తూ ఆయన కుప్పకూలారు. ఏడాదిన్నర తర్వాత, 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం మామూలు లోహపు స్టెంటుకి 7,260, మందు పూసినదానికి 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. డిజైన్ ఒక్కటే సరిపోదు, తయారీ, అమ్మకం, నియంత్రణ అన్నీ కలిస్తేనే వస్తువు రోగి దాకా వస్తుందని నాకు ఈ కథలోనే బాగా అర్థమైంది.

ఉద్యోగాలు కూడా ఆ మధ్య దశల్లోనే ఎక్కువ. మన దేశంలో వాడే వైద్య పరికరాల్లో పెద్ద భాగం ఇంకా దిగుమతే. విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది, తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థ ఉంది. మెకానికల్, మెటలర్జీ చేసినవాళ్లు ఫెటీగ్ అనాలిసిస్‌తో పాటు ఐఎస్‌వో 13485 క్వాలిటీ పద్ధతులు, 2017 వైద్య పరికరాల నిబంధనలు చదివి ఇంటర్వ్యూకి వెళ్లండి. ఆ నిబంధనల్లో గుండె స్టెంటు అన్నిటికంటే ఎక్కువ రిస్కున్న డీ క్లాసులో ఉంటుంది. ఎందుకుందని అడిగితే మీ దగ్గర ముప్పై ఆరు కోట్ల లెక్క ఉంది కదా, అక్కడి నుంచి మొదలుపెట్టండి.