వాల్తేరు నుంచి అమెరికాకు: ప్రధాన సంఖ్యల ప్రేమికుడు సర్వదమన్ చౌలా

మన విశాఖ తీరాన కొన్నేళ్ళు పాఠాలు చెప్పి, తర్వాత అమెరికాలో స్థిరపడిన గొప్ప గణిత శాస్త్రవేత్త సర్వదమన్ చౌలా. ఆయన తెలుగువారు కారు. 1907 అక్టోబరు 22న లండన్‌లో పుట్టి, లాహోరులో పెరిగారు. కేంబ్రిడ్జిలో లిటిల్‌వుడ్ దగ్గర పరిశోధన చేసి 1931లో డాక్టరేటు పుచ్చుకున్నారు. 1933 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేశారు. అప్పటి ఉపాధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు.

ఆ రోజుల్లోనే, 1934లో, చౌలా ఒక సాహసం చేశారు. ఒక సంఖ్యను ఎన్ని విధాల కూడికగా రాయవచ్చో చెప్పే లెక్కలో రామానుజన్ ఒక సూత్రం ఊహించారు. దాని ప్రకారం 243కు వచ్చే జవాబును 343 నిశ్శేషంగా భాగించాలి. హన్స్‌రాజ్ గుప్తా పట్టికలో ఆ జవాబు 133978259344888. చౌలా భాగించి చూస్తే శేషం మిగిలింది. అంతటి రామానుజన్ ఊహ కూడా ఒక 15 అంకెల సంఖ్య ముందు నిలవలేదు.

తర్వాత ఆయన లాహోరు ప్రభుత్వ కళాశాలకు వెళ్ళారు. 1947 దేశ విభజన ఆ ఊరిని దూరం చేసింది. 1948లో ప్రిన్స్‌టన్ చేరారు. ఆ పైన కాన్సాస్, కొలరాడో, పెన్ స్టేట్ విశ్వవిద్యాలయాల్లో బోధించారు.

హిట్లర్ జర్మనీని వదిలి వచ్చిన ఎమిల్ ఆర్టిన్‌తోను, నెస్మిత్ ఆంకెనీతోను కలసి 1952లో ప్రచురించిన వ్యాసంలో ఆయన ఒక ప్రశ్న వేశారు. భాస్కరాచార్యుడు లెక్క కట్టిన 61నే తీసుకుందాం. 39ని 39తో గుణిస్తే 1521. 5ని 5తో గుణించి, మళ్ళీ 61తో గుణిస్తే 1525. తేడా 4. ఇలా తేడా 4 వచ్చే అతి చిన్న జంట 39, 5. ఇందులో రెండో సంఖ్య 5ను 61 భాగించదు. నాలుగుతో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలన్నిటికీ ఇంతేనా? ఇదీ ప్రశ్న.

2003 నాటికి కంప్యూటర్లతో 20 వేల కోట్ల దాకా వెతికినా ఎదురు ఉదాహరణ దొరకలేదు. చివరికి 2024లో ఆండ్రియాస్ రైన్‌హార్ట్ ఒకటి పట్టుకున్నారు: 331914313984493. ఇదీ 15 అంకెలదే!

చౌలా అప్పటికే లేరు. 1995 డిసెంబరు 10న వయోమింగ్‌లోని లారమీలో కన్నుమూశారు. వాల్తేరులో ఆయన రామానుజన్ ఊహకు పెట్టిన పరీక్షే, తొంభై ఏళ్ళకు ఆయన ప్రశ్నకూ ఎదురైంది. అందువల్ల రామానుజన్ కీర్తి తగ్గలేదు, చౌలా కీర్తీ తగ్గదు. లెక్కల్లో పెద్దల మాటను సరిచూడడమే వారికి మనమిచ్చే గౌరవం. గణితం పోటీలకు తయారవుతున్న మన పిల్లలకు ఈ కథ తప్పక చెబుదాం.