బోర్డు మీద రెండు పేర్లు – క్యారీ మార్కస్ నీమన్

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగితే, నాకు తెలిసిన విషయం గురించే రాస్తానని చెప్పాను. పదో తరగతితో నా చదువు ఆగింది. పెళ్లయ్యాక అత్తవారి బట్టల కొట్టులో ముప్పై అయిదేళ్లు కూర్చున్నాను. కాబట్టి నాకు తెలిసింది బట్టల వ్యాపారం. ఆ వ్యాపారంలో నేను బాగా గౌరవించే మనిషి క్యారీ మార్కస్ నీమన్. ఆమె గురించి మన గురువులతో, పూర్వ విద్యార్థులతో నాలుగు మాటలు పంచుకోవాలని ఈ ప్రయత్నం.

అమెరికాలోని డాలస్ మన తెలుగువారికి ఇప్పుడు కొత్త ఊరేమీ కాదు. మన బడిలో చదివినవాళ్ల పిల్లలు కొందరు ఆ చుట్టుపక్కలే స్థిరపడ్డారు. మా అమ్మాయీ అక్కడే ఉంటుంది. ఊరి నడిబొడ్డున మెయిన్, ఎర్వే వీధులు కలిసే చోట ఉన్న నీమన్ మార్కస్ భవనాన్ని ఆమే నాకు చూపించింది. ఖరీదైన బట్టలకు అమెరికా అంతటా పేరున్న దుకాణం అది. బోర్డు మీద పేరు చూసి, ఎవరో ఇద్దరు మగవాళ్లు భాగస్వాములై పెట్టారని అనుకున్నాను. తరువాత చదివితే తెలిసింది, ఆ రెండు పేర్లూ కలిపి మోసిన మనిషి ఒక స్త్రీ అని.

క్యారీ 1883లో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో పుట్టారు. తల్లిదండ్రులు యూరప్ నుంచి వలస వచ్చిన యూదులు. కుటుంబం టెక్సస్‌లోని హిల్స్‌బరో అనే చిన్న పట్టణానికి మారింది. అక్కడి నుంచి ఆమె డాలస్ చేరారు. కాలేజీ మెట్లు ఎక్కలేదు. ఒక పెద్ద దుకాణంలో ఆడవాళ్ల జాకెట్లు అమ్మే పనిలో చేరి, సరుకు ఎంపిక చేసి కొనే బాధ్యత దాకా ఎదిగారు. 1905లో అబ్రహాం లింకన్ నీమన్‌ను పెళ్లి చేసుకున్నారు.

భార్యాభర్తలు, క్యారీ అన్నగారు హెర్బర్ట్ మార్కస్ కలిసి అట్లాంటా వెళ్లి, దుకాణాలకు అమ్మకాలు పెంచిపెట్టే వ్యాపారం మొదలుపెట్టారు. రెండేళ్లలో అది బాగా నడిచి, కొంటామంటూ బేరాలు వచ్చాయి. ఒకరు 25,000 డాలర్లు రొక్కంగా ఇస్తామన్నారు. మరొకరు కోకా-కోలా వ్యాపారంలో హక్కులు ఇస్తామన్నారు. వీళ్లు రొక్కమే తీసుకుని డాలస్ తిరిగి వచ్చారు. ఎంత ఐశ్వర్యం వదులుకున్నామో అని ఆ తరువాత ఇంట్లో నవ్వుకునేవారట.

ఆ రోజుల్లో టెక్సస్‌లో డబ్బున్న ఇంటి ఆడవాళ్లు మంచి బట్టలు కావాలంటే కుట్టించుకోవాలి, లేదా న్యూయార్క్, పారిస్‌ల నుంచి తెప్పించుకోవాలి. రెడీమేడ్ అంటే నాసిరకం అనే అభిప్రాయం ఉండేది. మేలిరకం రెడీమేడ్ దుస్తులనే అమ్మాలని వీళ్ల ఆలోచన. క్యారీ న్యూయార్క్ వెళ్లి మొదటి సరుకంతా స్వయంగా ఎంచి తెచ్చారు.

1907 సెప్టెంబర్ 10న దుకాణం తెరిచారు. ఆ రోజున క్యారీ అక్కడ లేరు. గర్భస్రావమై ఆసుపత్రిలో ఉన్నారు. అన్నగారు టైఫాయిడ్‌తో మంచం పట్టారు. బోణీ చూసే భాగ్యం ఇద్దరికీ దక్కలేదు. కొద్ది వారాలకే దేశంలో బ్యాంకుల సంక్షోభం వచ్చిపడింది. అయినా ఆమె తెచ్చిన సరుకు వారాల్లో అమ్ముడైపోయింది.

కొట్లో కూర్చున్నవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. అమ్మడం మాటల పని. కొనడం కంటి పని. వచ్చే పండక్కి ఎవరు ఏ రంగు అడుగుతారో మూడు నెలల ముందే ఊహించి డబ్బు పెట్టాలి. ఊహ తప్పితే సరుకు అలమారాలోనే ఉండిపోతుంది. క్యారీకి ఆ కన్ను ఉంది. తాను మాత్రం సాదా నల్ల దుస్తులు, మెడలో ముత్యాలతోనే కనిపించేవారు. కొన్నవారికి లాభం కాని అమ్మకం మనకూ లాభం కాదన్నది హెర్బర్ట్ పెట్టిన నియమం. ఆ నియమం నిలబడాలంటే ముందు సరుకు బాగుండాలి. ఆ భారం క్యారీది.

1913లో దుకాణం కాలిపోయింది. మరుసటి ఏడాది ఇప్పుడున్న చోట కొత్త భవనం కట్టుకున్నారు. పత్తి డబ్బు, తరువాత నూనె బావుల డబ్బు టెక్సస్‌లో పారింది. కొత్తగా ధనవంతులైన కుటుంబాలకు ఏ సందర్భానికి ఏం కట్టుకోవాలో నేర్పింది ఈ దుకాణమే. 1920లలోనే ప్రతి వారం ఫ్యాషన్ ప్రదర్శనలు జరిపేవారు. ఒక మాట దాచకుండా చెప్పాలి. డాలస్ పెద్ద దుకాణాల్లో నల్లజాతివారికి సమాన మర్యాద దక్కడానికి 1960ల దాకా పట్టింది. ఆ వైభవం అందరిదీ కాదు.

1928లో క్యారీకి విడాకులయ్యాయి. భర్త వేరొకరి వైపు మొగ్గడమే కారణం. ఆయన వాటాను హెర్బర్ట్ 2,50,000 డాలర్లకు కొనేశారు. ఆయన దుకాణం వదిలి వెళ్లినా బోర్డు మీద ఆయన ఇంటిపేరు మిగిలింది. నలభై అయిదేళ్ల వయసులో, పిల్లలు లేని ఆమె, ఆ పేరు కిందినుంచే రోజూ లోపలికి నడిచి పని చేసుకున్నారు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. మరొకరైతే ఆ బోర్డు చూడలేక వెళ్లిపోయేవారేమో. ఇరవై ఏళ్లు తన కంటితో నిలబెట్టిన కొట్టును ఆమె వదులుకోలేదు.

ఫ్యాషన్ రంగంలో విశిష్ట సేవకు ఒక పురస్కారాన్ని 1938లో మేనల్లుడు స్టాన్లీతో కలిసి నెలకొల్పారు. 1947లో పారిస్ నుంచి క్రిస్టియన్ డియోర్ డాలస్ వచ్చి దాన్ని అందుకున్నారు. 1950లో హెర్బర్ట్ చనిపోయాక క్యారీ సంస్థ బోర్డుకు అధ్యక్షులయ్యారు. 1953లో కన్నుమూశారు. 1969లో కుటుంబం సంస్థను అమ్మేసింది. పేరు మాత్రం మారలేదు.

మిత్రులారా, మన బ్యాచ్‌లలో డాక్టర్లు, ఇంజనీర్లు, కలెక్టరాఫీసు ఉద్యోగులు ఉన్నారు. వాళ్ల పేర్లు చూసి మన గురువులతో పాటు నేనూ గర్వపడతాను. మాతో పాటు పదో తరగతి రాసి, ఆ వేసవిలోనే పెళ్లిళ్లై వెళ్లిన ఆడపిల్లలు కూడా ఉన్నారు. వాళ్లలో కొందరు టైలరింగ్ షాపులు, కిరాణా కొట్లు, పచ్చళ్ల వ్యాపారాలు నడిపారు. బోర్డు మీద భర్త పేరో, మామగారి పేరో ఉంటుంది. లోపల సరుకు చూసి కొన్నదీ, అప్పులవాళ్లకు జవాబు చెప్పిందీ వాళ్లే. సంఘం వారు తయారుచేస్తున్న పూర్వ విద్యార్థుల పట్టికలో వృత్తి అనే గడిలో వాళ్లకు ఎదురుగా గృహిణి అని రాసేముందు ఒక్కసారి ఫోన్ చేసి అడగండి. నా మట్టుకు ఆ గడిలో బట్టల వ్యాపారం అని రాయండి.