రఘుపతి వేంకటరత్నంనాయుడుగారు

హైదరాబాదు నగరమందలి అమీర్‌పేట, పంజాగుట్ట వీథులలో శిక్షణ కేంద్రములకు పోవు విద్యార్థులు నేడు వేలకొలదిగ కనబడుదురు. అచ్చటికి కొలది మైళ్ల దూరమున, సికింద్రాబాదులో, మహబూబు కళాశాల యున్నది. అది 1862లో వెలసినది. దాని కొకప్పుడు అధ్యక్షులుగ నుండిన వేంకటరత్నంనాయుడుగారును ఆ యేడే, అక్టోబరు 1వ తేదీన, మచిలీపట్టణమున జన్మించిరి.

తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యమున సుబేదారు. అందుచే బాలుని చదువు చాందాలోను, పిదప హైదరాబాదులోను సాగెను. చెన్నపురి క్రైస్తవ కళాశాలలో మిల్లరుదొరగారి శిష్యరికము లభించెను. గురువు నడవడియే శిష్యునకు మొదటి పాఠమని ఆయన అచ్చటనే గ్రహించెననవచ్చును.

మచిలీపట్టణమున నోబిలు కళాశాలలో బోధించి, సికింద్రాబాదున కొన్నియేండ్లు పనిచేసి, 1904లో కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు అధ్యక్షులైరి. పదునైదేండ్ల ఆ కాలమే ఆయన జీవితమున పంటకాలము. ఆ కళాశాల అప్పుడు గొప్ప పేరు గలది కాదు. నాయుడుగారు క్రమశిక్షణను బెత్తముతో మొదలిడలేదు, తమతో మొదలిడిరి. నిరాడంబరమైన తెల్లని దుస్తులు, మితభోజనము, నియమము తప్పని దినచర్య విద్యార్థుల కన్నుల యెదుటనే యుండెడివి. చెప్పువాడు చేయుచున్నప్పుడు వినువాడు తప్పించుకొనుట కష్టము గదా!

జీతము కట్టలేని పిల్లవానిని క్రమముగ బడికి రమ్మనుట వ్యర్థమని ఆయన యెఱుగుదురు. కావున తమ సంపాదనలో అధికభాగము బీదవిద్యార్థుల కొఱకే వ్యయించిరి. అనాథలకు శరణాలయము నెలకొల్పిరి. హరిజన బాలురకు వసతిగృహము నేర్పఱచిరి. బాలికలకును కళాశాల తలుపులు తెఱపించిరి. ఆ దినములలో ఇది సామాన్య సాహసము కాదు. క్రమముగ కళాశాల కీర్తి ఆంధ్రదేశమంతట వ్యాపించెను.

నీతి విషయమున ఆయన పట్టుదల కొందఱకు మిక్కిలి కఠినముగ తోచియుండవచ్చును. శిష్యులందఱును ఒకే మూసలో పోసినట్లు తయారు కాలేదు. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు రాజకీయములలోను, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు కవిత్వమునను పేరుగాంచిరి. ఆ కళాశాలలోనే చదివిన చలంగారు పిమ్మట లోకము మెచ్చు కట్టుబాట్లనే ధిక్కరించి వ్రాసిరి.

1924లో నాయుడుగారికి సర్ బిరుదు లభించెను. 1925 మొదలు 1928 వఱకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగ నుండిరి. ఇంత పదవి వచ్చినను ఆ తెల్లని దుస్తులు మాఱలేదు. 1939లో దివంగతులైరి.