శాంతిసేనాని వినోబా

హైదరాబాదు నగరమునకు నైరృతి దిక్కున శివరామపల్లి యున్నది. ఉత్తరమున జీడిమెట్ల మొదలుకొని దక్షిణమున ఈ పల్లె వఱకు నేడు ఇండ్లును, కర్మాగారములును, రాజమార్గములును ఎడము లేక వ్యాపించినవి. 1951వ సంవత్సరమున అట్లు గాదు. శివరామపల్లి నాడు పొలముల నడుమనున్న చిన్న గ్రామము. ఆ యేటి ఏప్రిల్ నెలలో అచ్చట సర్వోదయ సమ్మేళనము జరిగెను. దానికి వచ్చినవారిలో ఒకరు వార్ధా చెంతనుండి ఇంచుమించు మూడువందల మైళ్లు కాలినడకను వచ్చిరి. బక్కపలుచని దేహము, నెరసిన గడ్డము, ఏబదియైదేండ్ల వయస్సు. ఆయనయే ఆచార్య వినోబా భావే.

వినోబా అసలు పేరు వినాయక నరహరి భావే. ఆయన 1895వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన మహారాష్ట్రమునందలి గాగోదే గ్రామమున జన్మించెను. తల్లి రుక్మిణీదేవి గొప్ప భక్తురాలు. ఆమెకు సంస్కృతము రాదు. భగవద్గీతను తన భాషలో చదువుకొనవలెనని ఆమె కోరిక. దొరకిన అనువాదములు కఠినముగా నుండుటచే, నీవే యొకటి వ్రాయరాదా యని కుమారుని అడిగెను. 1918లో విషజ్వరము దేశమునంతటిని పీడించినప్పుడు ఆమె మరణించెను. పండ్రెండేండ్లు గడచిన పిమ్మట వినోబా ఆ కోరికను తలంచుకొని గీతను తేలిక మరాఠీ పద్యములుగా రచించెను. మతగ్రంథము పండితుల సొత్తు కాదనియు, వంటయింటి తల్లికి సైతము అర్థము కావలెననియు ఆయనకు తోచుటకు ఆ తల్లియే కారణము.

1916లో ఇంటర్మీడియెట్ పరీక్షకని బొంబాయికి బయలుదేరిన వినోబా నడిదారిలో సూరతునందు దిగి కాశికి పోయెను. యోగ్యతాపత్రములను అంతకుముందే తల్లి యెదుట పొయ్యిలో వేసి కాల్చివేసియుండెను. (చదువుకొనుచున్న మీరు దీనిని అనుకరింపనక్కఱలేదు, ఆయన చదువు మానలేదు, పరీక్షలు మాత్రమే మానెను.) కాశిలో నుండగా గాంధీజీ ప్రసంగమును గూర్చి పత్రికలలో చదివి, ఉత్తరములు వ్రాసి, ఆ యేడు జూన్ నెలలో అహమదాబాదు చెంతనున్న కోచరబు ఆశ్రమమున చేరెను. నాటినుండి గాంధీజీ మార్గమే ఆయన మార్గము. 1940లో వ్యక్తి సత్యాగ్రహము నారంభించునప్పుడు గాంధీజీ మొదటి సత్యాగ్రహిగా ఎన్నుకొన్నది ఆయననే.

చెఱసాల పలువురకు దుఃఖస్థానము. వినోబాకు అది పాఠశాల. వేలూరు చెఱసాలలో ఆయన దక్షిణదేశపు భాషలు నాలుగింటిని నేర్చెను. అందు మన తెలుగును ఒకటి. ఖురాను చదువవలెనని సంకల్పము కలిగినప్పుడు అనువాదములతో తృప్తి పడక, అరబ్బీ లిపిని, భాషను అభ్యసించి మూలమునే పఠించెను. పొరుగువాని మతమును వాని నోటనే, వాని గ్రంథమునందే తెలిసికొనవలెను గాని, వాని విరోధులు చెప్పుదానివలన తెలిసికొనరాదని ఆయన అభిప్రాయము.

దేశము విభజింపబడినపుడు ఈ విద్య అక్కఱకు వచ్చెను. 1948లో, గాంధీజీ మరణించిన కొలది మాసములకే, వినోబా ఢిల్లీ ప్రాంతమున శరణార్థుల నడుమ పనిచేసెను. ఇల్లువాకిళ్లు విడిచి పాఱిపోయిన మేవాతీ ముస్లిములను తిరిగి వారి గ్రామములలో నిలుపుటకు పాటుపడెను. పోయినవారు తిరిగి వచ్చుట యెంత కష్టమో, వచ్చినవారిని ఇరుగుపొరుగు నమ్మకముతో చేర్చుకొనుట అంతకంటె కష్టమని ఆయన అచ్చట తెలిసికొనెను.

ఇట్టి యనుభవముతో ఆయన శివరామపల్లికి వచ్చెను. అప్పటి తెలంగాణము గాయపడిన భూమి. నిజాము పాలన అంతరించి మూడేండ్లు కాలేదు. రజాకార్ల దౌర్జన్యమును, 1948 నాటి పోలీసు చర్యయు, దాని వెనుక జరిగిన ప్రతీకారములును ప్రజల మనస్సులలో మానలేదు. రైతుల సాయుధపోరాటము ఇంకను సాగుచుండెను. పగటివేళ పోలీసులకును, రాత్రివేళ దళములకును జడియుచు పల్లెటూళ్లు కాలము గడపుచుండెను. వినోబా శ్రీరామనవమినాడు ముందుగా హైదరాబాదు చెఱసాలకు పోయి, కమ్యూనిస్టు ఖైదీలతో మాటలాడి, పిమ్మట నల్లగొండ మండలము వైపు నడచెను.

ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లి చేరెను. అచ్చటి హరిజనులు తమ నలువది కుటుంబములకు ఎనుబది ఎకరముల భూమి కావలెననిరి. తరి నలువది, ఖుష్కి నలువది. ప్రభుత్వమున కర్జీ పెట్టుటకు ముందు, ఊరివారిలో ఎవరైన ఈయగలరా యని వినోబా సభలో అడిగెను. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూఱెకరములిత్తుననెను. అడిగినవారు ఎనుబది యడుగగా ఇచ్చినవాడు నూఱిచ్చెను! భూదానోద్యమము ఇట్లు పుట్టినది. ఏబదియొక్క దినముల తెలంగాణ పాదయాత్రలో పండ్రెండువేల ఎకరములకు పైగా లభించెను. ఆ నడక పదుమూడేండ్లు సాగి దేశమంతయు చుట్టెను.

ఆ నడకలో దెబ్బలును తగిలెను. 1953లో బీహారునందలి దేవఘరున హరిజనులతో గూడి వైద్యనాథుని ఆలయమునకు పోగా పండాలు వారిని కొట్టిరి. వినోబా చెవికి గట్టి దెబ్బ తగిలెను. కొట్టినవారిని శిక్షింపవలదని ఆయన కోరెను. 1957లో కేరళమునందు గురువాయూరు ఆలయమువారు ఆయనను రమ్మనిరి గాని, వెంటనున్న క్రైస్తవులకు ప్రవేశము లేదనిరి. వినోబా లోనికి పోలేదు. మరుసటియేడు పండరీపురమున అన్యమతస్థులైన అనుచరులతో సహా విఠలుని గుడికి ఆయనను ఆహ్వానించిరి. గుడివారిపై ఆగ్రహింపక, తోడివారిని విడువక ఆయన వేచియుండెను.

కేరళములోనే, 1957లో, ఆయన శాంతిసేనను ప్రకటించెను. తలంపు గాంధీజీది. మతకలహములను ఆర్పుటకు ఆయుధములు లేని దళములు కావలెనని ఆయన 1938లోనే వ్రాసియుండెను. సైనికునికి ఉండవలసిన లక్షణములను గూడ పేర్కొనెను. అహింసయందు నమ్మకముండవలెను, ప్రధాన మతములన్నిటియందును సమానమైన ఆదరముండవలెను, పక్షపాతము కూడదు. అన్నిటికంటె ముఖ్యమైనది మఱొకటి: అగ్ని రగిలినదాక కాచుకొనియుండరాదు. తాను నివసించు చోటనే సేవచేయుచు అన్ని మతములవారితోను ముందుగానే పరిచయము పెంచుకొనవలెను. ముక్కుమొగము తెలియనివాడు అల్లరిమూక యెదుట నిలిచి శాంతింపుడనిన వినువారెవ్వరు? తమ బిడ్డ జబ్బుపడినపుడు మందు తెచ్చినవాడు నిలిచినచో, రాయి యెత్తిన చేయి ఒక్క క్షణమైన ఆగును. ఆ క్షణముకొఱకే ఏండ్లతరబడి సేవ చేయవలెను.

వినోబా దీనికి లెక్క కట్టెను. అయిదువేల జనమునకు ఒక శాంతిసైనికుడు. నాటి దేశజనాభాకు డెబ్బదివేలమంది. వారి పోషణ యెట్లు? ప్రతి యింట ఒక పాత్రనుంచి, ఆ యింటి బిడ్డ తన చిన్ని పిడికిటితో దినమున కొక పిడికెడు ధాన్యమును అందు వేయవలెననెను. దీనికే సర్వోదయపాత్ర యని పేరు. పెద్దవారి పిడికిలి కాక పిల్లల పిడికిలియే యేల యనగా, సేనకు తిండి పెట్టుచున్నానను తెలివి పిల్లవానికి చిన్ననాడే కలుగవలెనని. ధాన్యము తక్కువైనను ఫరవాలేదు.

సేనకు శిక్షణ కావలెను గదా! కాశీలోని రాజఘాటున శాంతిసేనామండలి వెలసినది. జయప్రకాశ నారాయణుడు దీనికి అండయయ్యెను. నారాయణ దేశాయి శిక్షణభారము వహించెను. కవాతును, ప్రథమచికిత్సయు, పారిశుద్ధ్యమును నేర్చినంత మాత్రమున చాలదు. వివిధమతముల మూలతత్త్వములను తెలిసికొనవలెను. ఇరుపక్షముల మాటలను ఓపికతో విని, మధ్యలో తన తీర్పు చొప్పింపకుండ నేర్వవలెను. వదంతి పుట్టినచో పుట్టినచోటికే పోయి నిజము విచారించి, దానిని వీధివీధిని చాటవలెను. కలహములలో కత్తికంటె వదంతియే యెక్కువమందిని చంపునని ఈ పనిలో నున్నవారందఱు ఎఱుగుదురు. 1969లో అహమదాబాదునందు ఘోరమైన మతకలహములు చెలరేగినపుడు శాంతిసైనికులు మాసములతరబడి అచ్చట నుండి, కూలిన ఇండ్ల శిథిలముల నెత్తివేసి, భయముచే పోయినవారిని తిరిగి తెచ్చుటకు శ్రమించిరి.

1962లో వినోబా ఖురాను సారమును ఒక గ్రంథముగా కూర్చి ప్రకటించెను. పుస్తకము వెలువడక మునుపే పాకిస్తాను పత్రికలు కొన్ని విమర్శించెను. ఆ యేడే సెప్టెంబరునందు అస్సాము నుండి వచ్చుచు, ఆనాటి తూర్పు పాకిస్తాను గుండ పదునాఱు దినములు నడచెను. అచ్చటను భూదానము లభించెను.

ఆయన పూనిన పనులన్నియు నెఱవేఱెనని చెప్పుట సత్యము కాదు. దానముగా వచ్చిన లక్షలకొలది ఎకరములలో పెక్కు బీడులు, రాళ్లనేలలు, వివాదభూములు. పేదలకు చేరనివి చాల కలవు. డెబ్బదివేలమంది సైనికులు ఎన్నడును సమకూడలేదు, చేరినవారు కొన్నివేలమందియే. 1974లో జయప్రకాశుని ఉద్యమము విషయమున సర్వోదయులు రెండు పక్షములై, శాంతిసేనయు బలహీనమయ్యెను. 1975లో అత్యవసరపరిస్థితి విధింపబడినపుడు వినోబా దానిని గట్టిగా నిరసింపలేదని చాలమంది నొచ్చుకొనిరి. ఊరివారి తగవులు తీర్చుటకు పుట్టిన సేన, తనలో పుట్టిన తగవును తీర్చుకొనలేకపోయెను. ఇది చదువువారికి వింతగా తోచవచ్చును గాని, ఇంటిలోని తగవే కష్టమైనదని పెద్దలెఱుగుదురు.

శివరామపల్లిలో నేడు జాతీయ పోలీసు అకాడమీ కలదు. దేశమునందలి పోలీసు అధికారులు అచ్చట తరిఫీదు పొందుచున్నారు.

వినోబా తుదిదినములను పౌనారు ఆశ్రమమున, ధామ నదీతీరమున గడపెను. జబ్బుపడి, ఆహారమును ఔషధమును విడిచి, 1982వ సంవత్సరము నవంబరు 15వ తేదీన దీపావళినాడు తనువు చాలించెను. మరుసటియేడు ప్రభుత్వము భారతరత్న బిరుదము నొసగెను. పౌనారునందు 1959లో ఆయన స్త్రీల కొఱకు నెలకొల్పిన బ్రహ్మవిద్యామందిరము నేటికిని వారి చేతులమీదనే నడచుచున్నది.